మా తమ్ముడి క్రిమినల్ అప్పీల్ చూసిన వకీల్ సార్ గురించి: 5కి 4 స్టార్లు, ఒకటి ఎందుకు కోశానో కూడా రాశా

ముందే చెప్తున్నా, పేరు రాయట్లేదు. రాద్దామనే కూర్చున్నా, ఎందుకైనా మంచిదని సార్‌కి ఫోన్ చేసి అడిగితే "వద్దమ్మా, మేము ప్రచారం చేసుకోకూడదు, బార్ కౌన్సిల్‌ది రూల్ 36 అని ఒకటుంది, రేపు నేనే రాయించుకున్నా అంటారు" అన్నారు. సరే, పేరు లేకపోతే ఏం, ఆయన ఏం చేశారో రాయడానికి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు కదా. చిక్కడపల్లిలో ఒక సందు, కింద ఇస్త్రీ బండి, రెండో అంతస్తులో ఆఫీసు, లిఫ్ట్ లేదు, మా అమ్మ మోకాళ్లకి ప్రతిసారీ ఒక పరీక్ష. రెండు బీరువాల నిండా ఫైళ్లు, గోడ మీద క్యాలెండర్, ఒక జూనియర్ మేడం, అంతే. ఏసీ లేదు. మొదటిసారి చూసి నేను మా తమ్ముడితో "ఈయన నడుస్తాడా రా" అని చెవిలో అన్నా కూడా.

మా సంగతి చెప్తా. మాది మలక్‌పేటలో కర్రీ పాయింట్. తమ్ముడు టాటా ఏస్ నడుపుతాడు, తెల్లారకముందే మార్కెట్ నుంచి కూరగాయలు ఎత్తి షాపులకి వేస్తాడు. 2019 ఫిబ్రవరిలో పొద్దున ఐదున్నరకి, ఇంకా చీకటే, ఒక పెద్దాయన డివైడర్ సందులోంచి రోడ్డు దాటుతుంటే బండి తగిలింది. తమ్ముడు పారిపోలేదు, తనే ఆటో ఆపి ఎక్కించి హాస్పిటల్‌కి తీసుకెళ్లాడు, సాయంత్రానికి ఆయన పోయారు. ఆ ఇంటి బాధ ముందు మాది ఎంత, నాకు తెలుసు, అందుకే ఇది రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగా. వాళ్లకి ఇన్సూరెన్స్ నుంచి నష్టపరిహారం వేరే కేసులో వచ్చింది, దానికీ దీనికీ లింకు లేదు, తమ్ముడు నిర్దోషి అయినా ఆ డబ్బు ఎవరూ వెనక్కి అడగరు, ఇది విన్నాక నాకు కొంచెం మనసు కుదుటపడింది.

కేసు ఐపీసీ 304ఏ, అంటే నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం పోగొట్టావని, రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. ఇప్పుడు ఐపీసీ బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌లో అది 106 అయింది, ఐదేళ్ల దాకా పెంచారు, మాది 2024 జూలై 1 కంటే ముందుది కాబట్టి పాత సెక్షనే. నాలుగున్నరేళ్లు నడిచి 2023 నవంబర్‌లో కింది కోర్టు ఏడాది జైలు, 5,000 ఫైన్ వేసింది. అమ్మ వరండాలోనే కూలబడిపోయింది.

అప్పటిదాకా మాకున్న వకీలు వేరే. ఆయన గురించి ఎక్కువ రాయను, ఒక్క మంచి పని చేశాడు, ఆ రోజే పిటిషన్ వేసి అప్పీల్ చేసుకోడానికి నెల టైం ఇప్పించాడు, ఆ నెల జైలుకి పోనక్కర్లేదు. మూడేళ్ల లోపు శిక్ష పడి, అప్పటికే బెయిల్ మీద ఉన్నవాళ్లకి శిక్ష వేసిన కోర్టే అలా ఆపొచ్చంట, అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 389లో మూడో సబ్‌సెక్షన్, దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో ఇప్పుడది 430. ఇది తెలియక చాలామంది తీర్పు రోజు ఇల్లంతా ఏడుస్తూ బట్టల బ్యాగ్ సర్దుకుని వెళ్తారు, మేమూ సర్దాం, టవల్, బ్రష్, అమ్మ చేసిన సకినాలు. తర్వాత మొదలైంది అసలు కథ. "జడ్జిమెంట్ కాపీకి అప్లై చెయ్యాలి, ఖర్చులుంటాయి" అని 6,000 తీసుకున్నాడు, ఫోన్ చేస్తే కోర్టులో ఉన్నా అంటాడు, సాయంత్రం చేస్తే ఫంక్షన్‌లో ఉన్నా అంటాడు, అలా 22 రోజులు పోయాయి. మాకేమో కోర్టులో ఆయన గట్టిగా అరుస్తుంటే మంచి వకీలే అనిపించేది, అరిచేవాడికే డబ్బులు అనుకునే రకం మేము.

మా దగ్గర రోజూ పప్పు, గోంగూర పచ్చడి కట్టించుకునే ఒకాయన టైపిస్టు. ఆయన చెప్తే ఈ సార్ దగ్గరికి వెళ్లాం. కూర్చోగానే అడిగిన మొదటి మాట, ఫీజు కాదు, కేసు కాదు, "కోర్టు ఫ్రీగా ఇచ్చిన కాపీ ఏది?" అని. మేము మొహమొహాలు చూసుకున్నాం. జైలు శిక్ష పడిన మనిషికి తీర్పు కాపీ అక్కడికక్కడే ఉచితంగా ఇవ్వాలంట, పాత 363, ఇప్పుడు 404, 1978లోనే హోస్కాట్ కేసులో సుప్రీంకోర్టు దీని గురించి గట్టిగా చెప్పిందంట, అప్పీల్ అనేది కాగితం లేకపోతే ఉత్త మాటే కదా అని. తమ్ముడికి అప్పుడు గుర్తొచ్చింది, ఆ రోజు సంతకం పెట్టి ఒక కట్ట తీసుకున్నాడు, దాన్ని అలాగే ఆ మొదటి వకీలు చేతిలో పెట్టాడు. అంటే మేము 6,000 కట్టింది మా చేతుల్లోంచి పోయిన కాగితానికే. నేను లేచి అరవబోతుంటే సార్ "అమ్మా, ఆ కోపం తర్వాత, ముందు ఫైల్ తెప్పించుకోండి, మనకి 30 రోజులే" అన్నారు. మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకి 30 రోజులు, హైకోర్టుకి పోయే కేసులైతే 60 రోజులు, సర్టిఫైడ్ కాపీ కోసం అప్లై చేసుకుంటే దానికి పట్టిన రోజులు లెక్కలోంచి తీసేస్తారు, లేటయితే కారణం చెప్పి మన్నించమని ఇంకో పిటిషన్ వెయ్యొచ్చు గానీ అది మన అదృష్టం.

నేను అప్పీల్ అంటే హైకోర్టే అనుకున్నా. నయాపూల్ మీద నుంచి పోతుంటే మూసీ ఒడ్డున కనిపించే ఆ ఎర్ర గుమ్మటాల బిల్డింగ్, 1920లో తెరిచింది, దాన్ని చూసినప్పుడల్లా "ఇందులోకి ఎక్కాలా దేవుడా" అని భయపడేదాన్ని. సార్ నవ్వారు. సిటీలో మేజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద అప్పీల్ మెట్రోపాలిటన్ సెషన్స్ కోర్టుకి పోతుంది, సెషన్స్ జడ్జి వేసిన శిక్ష అయితేనో, ఏడేళ్లకి మించిన శిక్ష అయితేనో హైకోర్టు. నేరం ఒప్పేసుకుని శిక్ష వేయించుకుంటే మాత్రం శిక్ష ఎక్కువైందనో చెల్లదనో తప్ప అప్పీల్ లేదు. "ఒప్పేసుకో, ఫైన్‌తో పోతుంది" అని బయట సలహాలిచ్చే అన్నలు ఇది చెప్పరు.

ఫీజు 25,000 అన్నారు, రెండు సార్లుగా, రసీదు ఇచ్చారు. వకీలు రసీదు ఇవ్వడం నేను చూడటం అదే మొదలు. ఒకవేళ డబ్బుల్లేక జైల్లోనే ఉండిపోయినవాళ్లుంటే వాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఉచిత వకీలు దొరుకుతాడు, ఆడవాళ్లకీ, ఎస్సీ ఎస్టీలకీ కూడా, లీగల్ సర్వీసెస్ వాళ్ల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చెయ్యాలి, జైలు నుంచి జైలు ఆఫీసర్ ద్వారానే అప్పీల్ పంపుకోవచ్చు. ఇది కూడా సారే చెప్పారు, ఫీజు అడిగే ముందు చెప్పారు, అది నేను మర్చిపోను.

ఇప్పుడు అసలు రివ్యూ. ఫైల్ మూడు రోజులు దగ్గర పెట్టుకున్నారు. నాలుగో రోజు రాత్రి తొమ్మిదింటికి మేము గిన్నెలు కడుగుతుంటే ఫోన్, "టీ కొట్టు సాక్షి గురించి అడగాలి, రేపు తమ్ముడిని తీసుకుని రండి" అని. వెళ్లాం. టేబుల్ మీద సాక్షుల వాంగ్మూలాల కాగితాలు, ప్రతి పేజీ అంచున పెన్సిల్ గీతలు, పెన్ను కాదు, పెన్సిల్, చెక్కీ చెక్కీ ఇంత పొట్టిగా ఉంది. పీడబ్ల్యూ-1, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి, పోయినాయన కొడుకు, కంప్లైంట్ ఇచ్చింది అతనే, పాపం అతను అక్కడ లేడు, ఎవరో చెప్తే వచ్చాడు. పీడబ్ల్యూ-2 టీ కొట్టాయన, ప్రత్యక్ష సాక్షి అంటే ఆయన ఒక్కడే. ఆయన మొదట చెప్పింది "బండి ఓవర్ స్పీడ్‌లో వచ్చి గుద్దింది, చూశాను" అని. కింది కోర్టు తీర్పులో ఆ వాక్యం ఉంది, దాని మీదే శిక్ష. సార్ పేజీ తిప్పి పెన్సిల్ మొన ఒకచోట పెట్టారు. క్రాస్‌లో అంటే ఎదురు ప్రశ్నలేసినప్పుడు, అదే మనిషి, అదే రోజు, "నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను, డబ్ అని సౌండ్ విని తిరిగి చూశాను" అన్నాడు.

సౌండ్ విని తిరిగి చూశాడు. అంటే గుద్దడం చూడలేదు, గుద్దిన తర్వాత చూశాడు. ఈ ముక్క ఇన్నాళ్లూ ఫైల్లోనే ఉంది, మా మొదటి వకీలే ఆ ప్రశ్న అడిగాడు, అడిగి రాబట్టి, మళ్లీ వాదన అప్పుడు వాడుకోవడం మర్చిపోయాడు. తీర్పులో ఆ మాటే లేదు. నేను ఆ లైన్ మీద వేలు పెట్టి నాలుగుసార్లు చదువుకున్నా, నాకొచ్చిన ఇంగ్లీషుకి అదొక్కటే అర్థమైంది, చాలనిపించింది.

తమ్ముడికి వేరే ఆశ ఉండేది, ఎదురు షాపు సీసీ కెమెరా ఫుటేజ్ ఇప్పుడు తెప్పిస్తే అని. సార్ ఒప్పుకోలేదు. అప్పీల్‌లో కొత్త సాక్ష్యం పూర్తిగా బంద్ కాదు, పాత 391, ఇప్పుడు 432 కింద కోర్టుకి నిజంగా అవసరం అనిపిస్తే తీసుకోవచ్చు, కానీ మనం అప్పుడు వదిలేసిన సందులు ఇప్పుడు పూడ్చుకోడానికి కాదు, పైగా ఆ ఫుటేజ్ అయిదేళ్లు ఎవరు దాస్తారు. నాకు నా భాషలో అర్థమైంది ఏంటంటే అప్పీల్‌లో మళ్లీ వండరు, వండిన గిన్నె మూత తీసి మొదట్నుంచీ రుచి చూస్తారు. మొదటి అప్పీల్ కాబట్టి సాక్ష్యం మొత్తం మళ్లీ తూకం వెయ్యాలి, కింది జడ్జి నమ్మాడు కాబట్టి మేమూ నమ్ముతాం అంటే కుదరదు, కాకపోతే సాక్షి మొహం చూసింది ఆయనే కాబట్టి ఆ మాటకి కొంత విలువ ఉంటుంది. దీని తర్వాత హైకోర్టుకి రివిజన్ అని పోతే అక్కడ ఇంత వివరంగా చూడరు, అందుకే ఈ మెట్టు మీద పొరపాటు చెయ్యకూడదు అన్నారు.

అమ్మ ఒక్కటే అడిగింది, "అప్పీల్ వేస్తే శిక్ష ఇంకా పెంచుతారా నాయనా" అని. ఆ భయంతోనే మా చుట్టాల్లో ఒకళ్లు అప్పీల్ వెయ్యలేదు. మనం వేసుకున్న అప్పీల్‌లో ఆ కోర్టు శిక్ష పెంచడానికి లేదమ్మా, తగ్గించొచ్చు, కొట్టెయ్యొచ్చు, మళ్లీ విచారణ చెయ్యమని కిందికి పంపొచ్చు, పెంచాలంటే ప్రభుత్వం వేరేగా అప్పీల్ వెయ్యాలి, అప్పుడూ మనల్ని విని తీరాలి అని చెప్పారు. ఆ "కిందికి పంపొచ్చు" దగ్గర సార్ ఆలోచన చూసి నాకు గౌరవం పెరిగింది. తమ్ముడిని కింది కోర్టు 313 కింద అడిగిన ప్రశ్నలు, అంటే సాక్షులు నీ మీద ఇలా చెప్పారు, నువ్వేమంటావ్ అని అడుగుతారు కదా, అవి విడివిడిగా కాకుండా అన్నీ కలిపి ఒకే ముద్దగా అడిగారు. అది తప్పే, ముద్దాయి హక్కు అది. కానీ దాన్నే ముందు పెడితే "సరే, ఆ ప్రశ్నలు మళ్లీ అడగండి" అని కేసు కిందికి పోయే ఛాన్స్ ఉంది, ఇంకో మూడేళ్లు. అందుకే టీ కొట్టు పాయింట్ ముందు, ఇది వెనక. ఈ వరస పెట్టడం కూడా పనే అని నాకప్పుడు తెలిసింది.

అప్పీల్ 28వ రోజు ఫైల్ అయింది, శిక్ష అప్పీల్ తేలేదాకా ఆగింది. ఇద్దరు ష్యూరిటీలు, అంటే పూచీ పడేవాళ్లు, కావాలన్నారు, ఇంటి పన్ను రసీదుతో. హైదరాబాద్‌లో పెళ్లికి ఐదొందల మంది వస్తారు, ష్యూరిటీకి ఇద్దరు దొరకరు. చివరికి మా ఓనర్ ఆంటీ, ఇంకా బియ్యం షాపు అన్న సంతకం పెట్టారు. ఇంకోటి, శిక్ష ఆగితే దోషి అన్న మాట ఆగినట్టు కాదు, తమ్ముడికి ఒక కంపెనీలో డ్రైవర్ ఉద్యోగం ఆ ఒక్క లైన్ మీదే పోయింది.

తర్వాత వాయిదాలు. పద్నాలుగు. ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్‌ఆర్ నంబర్ అని 16 అక్షరాలది ఉంటుంది, అది కొడితే తర్వాతి తేదీ కనిపిస్తుంది, నేను రాత్రి గల్లా లెక్క అయ్యాక అదొకసారి చూసి పడుకునేదాన్ని, కొందరు రాశిఫలాలు చూసినట్టు. ఒక వాయిదాకి సార్‌కి జ్వరం, రాలేకపోయారు, నాకు చెమటలు, వకీలు రాలేదని కేసు కొట్టేస్తారేమో అని. సాయంత్రం ఫోన్‌లో దగ్గుకుంటూనే చెప్పారు, క్రిమినల్ అప్పీల్‌ని అలా ఉత్తగా కొట్టెయ్యడానికి లేదు, 1996లో బనీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఎవరూ రాకపోయినా రికార్డు చదివి మంచి చెడ్డ చూసే తీర్పు ఇవ్వాలి అని.

వాదన రోజు మొత్తం కలిపి పాతిక నిమిషాలు. నేను సినిమా లెవల్లో ఊహించుకుని పోయా, సార్ గొంతు మూడో బెంచీకి కూడా సరిగా వినపడలేదు. పేజీ నంబర్ చెప్తారు, జడ్జి గారు తిప్పుతారు, ఇంకో పేజీ నంబర్, మళ్లీ తిప్పుతారు. టీ కొట్టాయన క్రాస్ దగ్గర జడ్జి గారు ఆగి రెండోసారి చదివారు, పెదాలు కదిలాయి, అది నేను చూశా. తర్వాత పీపీ గారిని, అంటే ప్రభుత్వం తరఫు వకీలుని, "ఓవర్ స్పీడ్ అంటున్నారు, ఎంత స్పీడు?" అన్నారు. పీపీ గారు కాగితాలు తిప్పారు. బ్రేకు గీతలు కొలవలేదు, స్కెచ్‌లో జీబ్రా లైన్ లేదు, గుద్దిన చోటు రోడ్డు మధ్యలో, ఎంవీఐ, అంటే మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్, రిపోర్టులో బండికి మెకానికల్ లోపం లేదని ఉంది, అది బ్రేకులు బాగున్నాయని చెప్తుంది గానీ మనిషి ఎలా నడిపాడో చెప్పదు కదా. సార్ అప్పుడు 1998 సతీష్ కేసు కాపీ ఇచ్చారు, కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లినది, స్పీడుగా వచ్చాడు అన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదు, స్పీడు అనేది చూసేవాడిని బట్టి ఉంటుంది, ప్రమాదం జరిగింది కాబట్టి తప్పు ఇతనిదే అని ఊహించుకోకూడదు అని అందులో ఉంది. ఒక్క కేసే ఇచ్చారు. మా పాత వకీలు అయితే పదిహేను చెప్పేవాడు.

2025 సెప్టెంబర్‌లో తీర్పు, సంశయలాభం కింద, అంటే అనుమానానికి చోటుంటే అది ముద్దాయికే అని, శిక్ష రద్దు, నిర్దోషి. తమ్ముడు నవ్వలేదు, ఏడవలేదు, "ఆ కొడుకు వచ్చాడా అక్కా" అని అడిగాడు. రాలేదు.

ఇప్పుడు కోసిన స్టార్ సంగతి. ఒకటి, ఫోన్ ఎత్తరు, ఎత్తితే మూడు ముక్కలు, మనకి టెన్షన్ తగ్గేలా ఒక్క మాట అనరు, "గెలుస్తామా సార్" అంటే రెండేళ్లలో ఒక్కసారి కూడా అవునని చెప్పలేదు. రెండు, ఇది నిజంగా కోపం వచ్చిన విషయం, తీర్పు రోజు తమ్ముడు కోర్టులో ఉండాలని ముందు రోజు రాత్రి చెప్పారు, అప్పటికి వాడు లోడ్‌తో వరంగల్ దగ్గరున్నాడు, రాత్రంతా వచ్చాడు, నిర్లక్ష్యం కేసు తీర్పుకి నిద్రలేకుండా బండి నడుపుకుంటూ రావడం, మీరే చెప్పండి. మూడు, గెలిచాక కూడా ఆరు నెలల బాండు ఉంటుందని, ప్రభుత్వం పైకి వెళ్తే హాజరు కావాలని, పాత కోడ్‌లో 437ఏ అంట, దానికి మళ్లీ ష్యూరిటీలు కావాలని చివరి నిమిషంలో చెప్పారు. ఓనర్ ఆంటీ మళ్లీ వచ్చింది, ఈసారి ఆమెకి నెలంతా కూరలు ఫ్రీ.

ప్రభుత్వం పైకి వెళ్తే ఎలా అని కూడా అడిగా. ముద్దాయి నిర్దోషి అనే అనుకోవాలన్నది ఎలాగూ ఉంది, నిర్దోషి అని ఒక కోర్టు చెప్పాక అది రెట్టింపు అవుతుంది, 2007లో చంద్రప్ప కేసులో ఇదంతా వివరంగా ఉంది, రెండు రకాలుగా అర్థం చేసుకునే వీలుంటే పై కోర్టు అంత తేలిగ్గా తిప్పదు అన్నారు.

మీకు ఇలాంటి అవసరం రాకూడదు గానీ వస్తే, వకీలు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన గొంతు వినకండి, టేబుల్ మీద మీ ఫైల్ ఏ పేజీ దగ్గర తెరిచి ఉందో చూడండి. అసలు తెరవకుండానే "అయిపోతుంది" అంటే లేచి వచ్చెయ్యండి.

ఫైన్ కట్టిన 5,000 వాపస్ రావాలి, దానికి వేరే పిటిషన్ వెయ్యాలంట, మొన్న వెళ్లా. ఫీజు వద్దన్నారు సార్. జిరాక్స్ డబ్బులు మాత్రం తీసుకున్నారు, 140, దానికీ రసీదు ఇచ్చారు.